సెల్ అంటే ఏ సెల్? – తేనెపట్టు నుంచి అండమాన్ దాకా ఒక మాట ప్రయాణం

ఇవాళ మనం మాట్లాడుకోబోయేది ఒక ఇంగ్లీషు మాట గురించి. మాట చిన్నది, అది చెప్పే వస్తువు ఇంకా చిన్నది. ఆ మాట ‘సెల్’.

ఈ విషయం ఎందుకు ఎత్తుకున్నానో ముందు చెప్పేస్తాను. ఆ మధ్య మా మేనత్తకి విషజ్వరం వస్తే ఆసుపత్రిలో చేర్చాం. డెబ్భై దాటిన మనిషి. మూడో రోజు పొద్దున ఒక కుర్ర డాక్టరు వచ్చాడు. కేస్ షీటు తిరగేసి, “సెల్ కౌంట్ బాగా పడిపోయిందమ్మా, జాగ్రత్తగా ఉండాలి” అని చెప్పి పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. అత్తయ్య కంగారుగా దిండు కింద తడుముకుంది. దుప్పటి దులిపింది. మంచం కిందికి వంగి చూడబోయింది. “ఏరా, నా సెల్లు ఎక్కడ పడిపోయిందిరా? ఇందాకేగా చెల్లాయితో మాట్లాడాను!”

వార్డులో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ సెల్లు కాదత్తయ్యా, ఇది రక్తంలో ఉండే సెల్లు అన్నాను. “రక్తంలో సెల్లులేమిట్రా, రేడియోలో వేసేవా?” అంది. కాదు, కణాలు, తెల్ల కణాలు అన్నాను. “కణాలంటే?” అంది. ఏదో చెప్పబోయి ఆగిపోయాను. అప్పుడు ఆవిడ అసలు ప్రశ్న వేసింది: “ఇంతకీ నాకేమైందిరా?” మూడు రోజులుగా ఆవిడ చేతికి సూదులు గుచ్చుతున్నారు, రక్తం తీస్తున్నారు, మాకు బిల్లులు ఇస్తున్నారు. ఏమైందో ఆవిడ భాషలో చెప్పినవాడు ఒక్కడూ లేడు. నాతో సహా. నవ్వినందుకు కొంచెం సిగ్గేసింది. ఇంటికొచ్చాక ఈ మాట వెనక పడ్డాను.

మొదట దీని పుట్టుక చూద్దాం. లాటిన్‌లో ‘కెల్లా’ అంటే చిన్న గది. సరుకులు దాచే కొట్టు కావచ్చు, ద్రాక్షసారా జాడీలు పెట్టే గది కావచ్చు, పనివాళ్ళు పడుకునే ఇరుకు గది కావచ్చు. రోమన్ల గుళ్ళలో దేవుడి విగ్రహం ఉండే లోపలి గదిని, అంటే మన గర్భగుడి లాంటిదాన్ని, కూడా కెల్లా అనేవాళ్ళు. తేనెపట్టులో ఉండే అరలకీ అదే మాట. మూలంలో ఉన్న భావం ‘కప్పిపెట్టడం, దాచడం’. అపార్ట్‌మెంట్లలో కార్లు పెట్టుకునే ‘సెల్లార్’ ఉంది చూశారూ, అదీ ఈ కుటుంబమే. దాచేయడం అనే అర్థంలో ఇంగ్లీషువాళ్ళు వాడే ‘కన్సీల్’ కూడా ఇదే. ఇంకాస్త వెనక్కి పోతే, ‘హాల్’ అనే మాట, నరకం అనే అర్థమున్న ‘హెల్’ అనే మాట కూడా ఈ మూలం నుంచే వచ్చాయని భాషా శాస్త్రవేత్తలు చెప్తారు. మన గోశాల, పాఠశాలల్లో ఉన్న ‘శాల’ని కూడా కొన్ని వ్యుత్పత్తి నిఘంటువులు ఇదే కుదురులో కలుపుతాయి. అదే నిజమైతే మన వంటశాలా వాళ్ళ సెల్లూ దూరపు చుట్టాలన్నమాట. ఆ చుట్టరికం మీద నేను పెద్దగా బరువు పెట్టను. గది అనే భావం ఒక్కటి గుర్తుపెట్టుకోండి, చాలు.

క్రైస్తవ మఠాలు వచ్చాక సన్యాసి ఒంటరిగా కూర్చుని ప్రార్థన చేసుకునే చిన్న గది ‘సెల్’ అయింది. అంటే శతాబ్దాల పాటు సెల్ అంటే గదే. దాంట్లో జీవశాస్త్రం లేదు, కరెంటు లేదు, ఫోను అసలే లేదు.

ఇప్పుడు 1665కి వద్దాం. లండన్‌లో రాయల్ సొసైటీ అని శాస్త్రవేత్తల సంఘం. వారం వారం వాళ్ళ ముందు ప్రయోగాలు చేసి చూపించడానికి ఒక ఉద్యోగిని పెట్టుకున్నారు. ఆయన పేరు రాబర్ట్ హుక్. వయసు 29. ఆ ఏడాది జనవరిలో ఆయన ‘మైక్రోగ్రాఫియా’ అనే పెద్ద పుస్తకం అచ్చువేశాడు. సూక్ష్మదర్శినిలో చూసిన ఈగ కన్ను, పేను, గోకుడాకు మీది ముళ్ళు, సూది మొన, అన్నిటికీ బొమ్మలు వేశాడు. సామ్యూల్ పీప్స్ అని ఆ రోజుల్లో డైరీ రాసిన ప్రభుత్వోద్యోగి ఒకాయన ఉన్నాడు. ఈ పుస్తకం కొనుక్కుని రాత్రి రెండింటిదాకా చదువుతూ కూర్చున్నానని ఆయన రాసుకున్నాడు. అంత సంచలనం.

అందులో 18వ పరిశీలన బెండు గురించి. బెండు అంటే సీసా మూతలకి వాడే కార్క్. క్షవరం కత్తిలా పదును పెట్టిన చాకుతో బెండు నుంచి చాలా పల్చటి పొర తీశాడు. బెండు తెల్లగా ఉంటుంది కాబట్టి నల్లటి పలక మీద పెట్టాడు. గాజు కటకంతో దాని మీదికి వెలుగు మళ్ళించాడు. చూస్తే మొత్తం చిన్న చిన్న అరలు! తేనెపట్టులా ఉందన్నాడు. రంధ్రాలు అన్నాడు, పెట్టెలు అన్నాడు, సెల్స్ అన్నాడు.

మనలో చాలామంది ఒక కథ వినే ఉంటాం. హుక్‌కి ఆ అరలు సన్యాసుల గదుల్లా కనపడ్డాయనీ, అందుకే సెల్ అన్నాడనీ. కథ బాగుంటుంది కానీ ఆయన రాసింది చదివితే పోలిక తేనెపట్టుతోనే ఉంది. మఠం కథ తర్వాతివాళ్ళు అల్లింది అనిపిస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది ఆయన లెక్క. ఒక అంగుళంలో 18వ వంతు పొడవున ఈ అరలు వరసగా 60 పట్టాయట. అంటే అంగుళానికి 1080. చదరపు అంగుళానికి 11 లక్షల 66 వేల 400. ఘనపు అంగుళానికి 125 కోట్ల 97 లక్షల 12 వేలు! కాగితం మీద గుణించి ఆ అంకె చూసి ఆయనే ఆశ్చర్యపోయాడు. సూక్ష్మదర్శిని సాక్ష్యం లేకపోతే ఎవరూ నమ్మరన్నట్టు రాశాడు. అగ్గిపెట్టెలో పట్టే బెండు ముక్కలో అన్ని గదులు! ఇంతకీ ఆయన వెతుకుతున్నది ప్రాణం రహస్యం కాదండీ. బెండు ఎందుకు తేలిక, నీళ్ళలో ఎందుకు తేలుతుంది, నొక్కితే ఎందుకు అణిగి మళ్ళీ లేస్తుంది, ఇదీ ఆయన ప్రశ్న. జవాబు దొరికింది. గదుల నిండా గాలి. అంతే, ఆయన పని అయిపోయింది.

ఇక్కడే ఒక చిక్కు ఉంది. బెండు చచ్చిపోయిన బెరడు. హుక్ చూసినవి ప్రాణం పోయాక మిగిలిన గోడలు. పచ్చి మొక్కల్లో ఇవే అరలు రసంతో నిండి ఉండటం కూడా ఆయన చూశాడు, ఆ సంగతి రాశాడు కూడా. కానీ పేరు మాత్రం ఖాళీ గదికి పెట్టిన పేరే నిలిచిపోయింది. కాపురం ఖాళీ చేసి వెళ్ళిపోయిన ఇంటిని చూసి, అందులో ఉండే మనుషులకి ‘గోడ’ అని పేరు పెట్టినట్టు.

పక్కకి వెళ్ళినా ఒక మాట చెప్పాలి. 1666లో లండన్ తగలబడింది. ఊరు తిరిగి కట్టే పనిలో హుక్‌ని సర్వేయరుగా పెట్టారు. ఆ తర్వాత ఆయన గీసిన పెద్ద కట్టడాల్లో ఒకటి బెత్‌లెమ్ ఆసుపత్రి, అంటే ఆ కాలపు పిచ్చాసుపత్రి. 1676లో పూర్తయింది. పొడవాటి వరండాలు, వరండా పొడుగునా రోగుల్ని ఉంచే చిన్న చిన్న గదులు. వాటినీ సెల్స్ అనే అన్నారు. జీవశాస్త్రానికి ఆ మాట ఇచ్చినాయనే మనుషుల్ని పెట్టే సెల్స్‌కీ ప్లాను గీశాడు.

హుక్ పెట్టిన పేరు వెంటనే స్థిరపడలేదు. తర్వాతి పదేళ్ళలో ఇటలీలో మాల్పీగీ వీటిని చిన్న సంచులు అన్నాడు, ఇంగ్లండ్‌లో నెహెమయా గ్రూ బుడగలు అన్నాడు. హాలండ్‌లో బట్టల వ్యాపారి లేవెన్‌హుక్ నీటిబొట్టులో ఈదుతున్న ఒంటి కణం జీవుల్ని కళ్ళారా చూశాడు. కానీ వాటిని చిన్ని జంతువులు అన్నాడే తప్ప సెల్స్ అనలేదు. ఎందుకంటాడు? సెల్ అంటే గది. గది ఈదదు కదా.

ఆ తర్వాత నూటయాభై ఏళ్ళు గబగబా దాటేద్దాం. 1831లో రాబర్ట్ బ్రౌన్ ఆర్కిడ్ మొక్కల కణాల్లో ప్రతిదాంట్లోనూ ఒక మచ్చ ఉందని గమనించి దానికి కేంద్రకం అని పేరు పెట్టాడు. 1837లో బెర్లిన్‌లో ఇద్దరు స్నేహితులు భోజనానికి కూర్చున్నారు. ఒకాయన మొక్కల్ని చదివే ష్లైడెన్, ఇంకొకాయన జంతువుల్ని చదివే ష్వాన్. ష్లైడెన్ మొక్కల కణాల్లో కేంద్రకం గురించి చెబుతుంటే, ఇలాంటిదే నేను కప్ప పిల్లల్లో చూశానే అని ష్వాన్‌కి తట్టింది. 1838లో ఒకరు, 1839లో ఒకరు రాశారు. మొక్కైనా జంతువైనా కట్టుబడి ఒక్కటే, అంతా కణాలే. చరిత్రలో భోజనాల దగ్గర తేలిన పెద్ద విషయాల్లో ఇదొకటి.

అయితే కొత్త కణాలు ఎలా పుడతాయి? ఈ ఇద్దరూ అక్కడ పొరబడ్డారు. పటిక బెల్లం కట్టినట్టు ద్రవంలోంచి కణాలు పేరుకుంటాయనుకున్నారు. అది తప్పని గట్టిగా చెప్పినవాడు రాబర్ట్ రెమాక్. కోడిపిల్ల పిండం మీద ఏళ్ళ తరబడి పనిచేసి, ఉన్న కణం రెండుగా చీలడం వల్లే కొత్త కణం పుడుతుందని 1852లో రాశాడు. రెమాక్ పోలండ్ ప్రాంతపు యూదుడు. ఆనాటి ప్రష్యాలో మతం మార్చుకోని యూదుడికి పెద్ద ప్రొఫెసరు పదవి దక్కదు. ఆయన మార్చుకోలేదు, పదవి దక్కలేదు. 1855లో రుడాల్ఫ్ వీర్‌ఖో అనే వైద్యుడు అదే మాటని ‘ప్రతి కణమూ ఇంకో కణం నుంచే’ అని లాటిన్‌లో సూత్రంలా కట్టి రాశాడు. రెమాక్ పేరు ఎత్తలేదు. మరుసటి ఏడాదే బెర్లిన్‌లో వీర్‌ఖోకి ప్రొఫెసరు కుర్చీ వచ్చింది. ఇవాళ మన పిల్లలు కంఠస్థం చేసేది వీర్‌ఖో పేరే. ఎవరి చేతిలో సూత్రముంటే వాళ్ళదే ఊరేగింపు. వీర్‌ఖో చిన్నవాడని కాదు. జబ్బు అనేది ఒంట్లో ఎక్కడో రసాల్లో కాదు, కణాల్లో మొదలవుతుందని 1858లో పుస్తకం రాసి వైద్యాన్ని మలుపు తిప్పాడు. మా అత్తయ్య రక్తం తీసి కణాలు లెక్కపెట్టడం వెనక ఉన్నది ఆయన ఆలోచనే. రాజకీయాల్లో ఉదారవాది కూడా. శరీరం ఒక రాజ్యం, కణాలు దాని పౌరులు అనేవాడు. సాటి పౌరుడైన రెమాక్ సంగతి మాత్రం అప్పుడు ఆయనకి గుర్తు రాలేదు.

ఇంకొక పేరు చెప్పి ఈ భాగం ముగిస్తాను. మాక్స్ షుల్ట్సె. 1861లో ఈయన అన్నదేమిటంటే, అసలు గోడ ముఖ్యం కాదు, చాలా జంతు కణాలకి గోడే లేదు, కణం అంటే కేంద్రకం ఉన్న ఒక జీవపదార్థపు ముద్ద, అంతే. అంటే సుమారు రెండొందల ఏళ్ళ తర్వాత, గది అనే పేరు తప్పు అని తేలిపోయింది. మరి పేరు మార్చారా? లేదు. 1892లో యూలియస్ జాక్స్ అనే జర్మన్ వృక్ష శాస్త్రవేత్త వేరే మాట ప్రతిపాదించాడు కూడా. ఎవరూ వాడలేదు. అలవాటైన తప్పు మాట ముందు కొత్త ఒప్పు మాట నిలవదు.

ఇప్పుడు మన భాషకి వద్దాం. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం. మన చుట్టుపక్కల భాషలు ఈ సెల్‌ని ఎలా తర్జుమా చేసుకున్నాయో చూడండి. హిందీలో కోశిక. కన్నడంలో జీవకోశ. మలయాళంలో కోశం. కోశం అంటే ఒర, తొడుగు, దాచే పెట్టె. అంటే వాళ్ళు హుక్ మాటని ఉన్నదున్నట్టు తెచ్చుకున్నారు. గదికి గది. మనం మాత్రం కణం అన్నాం, జీవకణం అన్నాం. కణం అంటే గింజ ముక్క, నూక, రవ్వ. గది కాదు. గోడలు లేవు. నిండుగా ఉండే చిన్న ముద్ద. తమిళంలో కూడా ఉయిరణు అంటే ప్రాణమున్న అణువు అనే. పాత పద్ధతి అనువాదకుడెవరైనా చూస్తే ఇది తప్పు అనువాదం అంటాడు. మూలంలో గది ఉంటే నూక అంటారేమిటి అని. కానీ షుల్ట్సె చెప్పింది సరిగ్గా ఇదేగా! ఇంగ్లీషువాడు గోడని చూసి పేరు పెడితే, మనం లోపలి ముద్దని చూసి పెట్టాం. కావాలని చేశామో, అలా కుదిరిందో గానీ, నా లెక్కలో మనదే సరైన మాట.

దీనితో ఒక ఇబ్బందీ ఉంది. భౌతిక శాస్త్రంలో ఎలక్ట్రాన్, ప్రోటాన్ లాంటివాటికీ మనం కణాలనే అంటాం. కణ భౌతిక శాస్త్రం అని ఎక్కడైనా చూస్తే అది జీవకణాల గురించా, పరమాణువు లోపలి కణాల గురించా అని పిల్లాడు ఒక క్షణం ఆగాల్సిందే. మన పాఠ్యపుస్తకాల్లోనే ఏడో పేజీలో ఒక అర్థం, డెబ్భయ్యో పేజీలో ఇంకో అర్థం.

సరే, గదికి మళ్ళీ వద్దాం, ఎందుకంటే గది అక్కడితో ఆగలేదు. మఠంలో సన్యాసి తనంతట తాను వెళ్ళి కూర్చున్న గదిలోకి, మనుషుల్ని తోసి తలుపు వేయాలనే ఆలోచన పద్దెనిమిదో శతాబ్దం చివర్లో బలపడింది. ఒంటరిగా ఉంచితే నేరస్తుడు పశ్చాత్తాపపడి మారతాడని కొందరు మతపరులు నమ్మారు. మంచి ఉద్దేశంతోనే నమ్మారు. అదే భయంకరం. 1829లో అమెరికాలో ఫిలడెల్ఫియా దగ్గర అలాంటి జైలు తెరిచారు. 1842లో లండన్‌లో పెంటన్‌విల్ జైలు, 520 సెల్స్‌తో. ఖైదీలు గది దాటి బయటికి వస్తే మొహం కనపడకుండా ముసుగు వేసుకోవాలి. ప్రార్థన చేసే చోట కూడా పక్కవాడు కనపడకుండా అడ్డు చెక్కలు. మారినవాళ్ళెందరో గానీ, మతి చలించినవాళ్ళు మాత్రం చాలామంది.

ఆ పద్ధతినే సముద్రం దాటించి తెచ్చి మన నెత్తిన పెట్టారు. అండమాన్‌లో పోర్ట్ బ్లెయిర్. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు. దాని పేరే సెల్యులార్ జైలు. గమనించండి, ఒక మనిషి పేరు కాదు, ఊరి పేరు కాదు, ఆ కట్టడం పద్ధతినే పేరుగా పెట్టారు. సామూహిక గదులు లేవు, అన్నీ ఒంటరి గదులే. మధ్యలో ఒక బురుజు, దాన్నుంచి సైకిలు చక్రం ఆకుల్లా ఏడు రెక్కలు, ఒక్కో రెక్క మూడంతస్తులు, మొత్తం 690కి పైగా గదులు. ఒక్కో గది దాదాపు నాలుగున్నర మీటర్ల పొడవు, 2.7 మీటర్ల వెడల్పు. మూడు మీటర్ల ఎత్తున గాలికి ఒక కిటికీ. ఒక రెక్క ముందుభాగం ఇంకో రెక్క వీపుని చూసేట్టు కట్టారు. అంటే ఊచల్లోంచి చూస్తే ఎదురుగా ఇంకో ఖైదీ కనపడడు, గోడ కనపడుతుంది. పగలు గానుగకి కట్టి కొబ్బరినూనె తీయించేవాళ్ళు, రోజుకి 30 పౌండ్లు తీయాలని లెక్క.

అండమాన్‌కి మనవాళ్ళూ వెళ్ళారు. అల్లూరి సీతారామరాజు దళంలో ముందు నిలిచిన గాం మల్లుదొర ఒకరు. ఉరిశిక్ష వేసి దాన్ని యావజ్జీవంగా మార్చి ద్వీపానికి పంపారు. తిరిగొచ్చాక 1952లో విశాఖపట్నం నుంచి మొదటి లోక్‌సభకి ఎన్నికయ్యాడు. కొండ మీది మనిషి, గోడల మధ్య అన్నేళ్ళు గడిపి, ఢిల్లీలో పార్లమెంటు హాల్లో కూర్చున్నాడు. కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారి ఇంకొకరు. 1933లో సెల్యులార్ జైల్లో ఖైదీలు నిరాహారదీక్ష చేశారు. భగత్ సింగ్ సహచరుడు మహావీర్ సింగ్‌కి బలవంతంగా పాలు పట్టబోతే ప్రాణం పోయింది. మోహన్ కిశోర్ నమదాస్, మోహిత్ మైత్రా కూడా చనిపోయారు. ఆ ముగ్గురి ప్రాణాలకి బదులుగా ఖైదీలకి దొరికినవాటిలో పుస్తకాలు చదువుకునే వీలు ఒకటి.

ఆ చదువు ఎక్కడికి దారితీసిందో చూడండి. 1935లో ఆ జైలు లోపలే కమ్యూనిస్ట్ కన్సాలిడేషన్ అని ఒక సంఘం పెట్టుకున్నారు. కమ్యూనిస్టుల భాషలో పార్టీకి అన్నిటికంటే కింది చిన్న శాఖని ఏమంటారు? సెల్! ఆ మాట రష్యన్ నుంచి వచ్చింది, రష్యన్‌లోనూ ఆ మాటకి అసలు అర్థం తేనెపట్టు అర లాంటి చిన్న అరే. అంటే మనిషిని మనిషి నుంచి విడదీయడానికి కట్టిన సెల్స్‌లో కూర్చుని, మనుషుల్ని కలిపే సెల్ కట్టారు. ఏడు రెక్కల్లో ఇవాళ మూడే మిగిలాయి. 1979లో జాతీయ స్మారకంగా ప్రకటించారు. ఇక పార్టీల్లో మొదలైన ఈ సెల్ ఇప్పుడు ప్రతి ఆఫీసులోకీ పాకింది. ప్లేస్‌మెంట్ సెల్, గ్రీవెన్స్ సెల్, ఎన్నారై సెల్. ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక బోర్డు ఉంటే చాలు, సెల్ అయిపోయినట్టే.

మా అత్తయ్య చెప్పిన రేడియో సెల్లు మాట కూడా రెండు ముక్కల్లో. 1800లో వోల్టా రాగి, జింకు బిళ్ళలు దొంతరగా పేర్చి కరెంటు పుట్టించాడు. ఆ దొంతర నుంచి ద్రవం కారిపోతోందని, కొద్దికాలానికే క్రూక్‌షాంక్ అనే ఆయన చెక్క తొట్టిలో లోహపు పలకలు అడ్డంగా బిగించి అరలు అరలుగా చేశాడు. ఆ అరలే సెల్స్. మళ్ళీ గదే! తర్వాత 1836లో డానియెల్, 1866లో లెక్లాంషె, 1880లలో గాస్నర్ చేసిన పొడి సెల్. అక్కడి నుంచి మన ఊళ్ళకి మూడు సెల్లుల టార్చిలైటు, ట్రాన్సిస్టరు. వీక్ అయిపోయిన సెల్లుల్ని గోడ మీద ఎండలో పెట్టి, వార్తల టైముకి మళ్ళీ వేసిన తరం మాది. ఇంకో అరగంట పలికేది.

ఇక ఫోను. రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక అమెరికాలో కారులో పెట్టుకునే ఫోన్లు మొదలయ్యాయి. 1946లో సెయింట్ లూయిస్ నగరంలో. ఊరికంతా ఒకే పెద్ద టవరు. ఒకేసారి వేళ్ళ మీద లెక్కపెట్టగలిగినన్ని కాల్సే వెళ్ళేవి, ఎందుకంటే రేడియో తరంగాల బాటలు కొన్నే. 1947 డిసెంబరులో బెల్ ల్యాబ్స్‌లో రింగ్ అనే ఇంజనీరు ఒక మెమో రాశాడు. పెద్ద టవరు ఒకటి వద్దు, ఊరిని చిన్న చిన్న భాగాలు చేసి ఒక్కోదానికి ఒక చిన్న టవరు పెడదాం. పక్కపక్క భాగాల్లో వేరే తరంగాలు, దూరంగా ఉన్న భాగంలో మళ్ళీ అవే తరంగాలు. మనిషి ఒక భాగం దాటి ఇంకోదానిలోకి వెళ్తే కాల్ కూడా చేతులు మారుతుంది. ఆ భాగాలు ఏ ఆకారంలో ఉండాలి? గుండ్రంగా గీస్తే మధ్యలో ఖాళీలు మిగులుతాయి. అందుకని ఆరు పలకలుగా గీశారు. పక్కపక్కన పేర్చితే అచ్చం తేనెపట్టు! వాటికి పెట్టిన పేరు సెల్స్. హుక్ బెండులో చూసిన తేనెపట్టుని ఈసారి ఊళ్ళ మీద పరిచారన్నమాట.

అంటే ‘సెల్ ఫోన్’లో సెల్ అనేది మన చేతిలో ఉన్న వస్తువు కాదు. మనం నిలబడి ఉన్న నేల. టవరు చుట్టూ ఉన్న ఆ ఆరు పలకల గది. మనం సెల్‌ని జేబులో పెట్టుకుని తిరగడం లేదు, సెల్‌లో మనం తిరుగుతున్నాం. ఇది తెలిసిన రోజున నేను కాసేపు అలాగే కూర్చుండిపోయాను.

కాగితం మీది ఆలోచన చేతికి రావడానికి చాలా ఏళ్ళు పట్టింది. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో నిలబడి మార్టిన్ కూపర్ కిలోకి పైగా బరువున్న ఫోనుతో మాట్లాడాడు. ఎవరికి చేశాడనుకున్నారు? పోటీ సంస్థలో ఇదే పని చేస్తున్న ఇంజనీరుకి! మన దేశంలో 1995 జూలై 31న కలకత్తా నుంచి జ్యోతిబసు ఢిల్లీలో ఉన్న సుఖ్‌రామ్‌కి మొదటి కాల్ చేశారు. ఆ రోజుల్లో నిమిషానికి 16 రూపాయల దాకా ఉండేది, అవతలివాడు చేసినా మనకీ పడేది. 2003లో వచ్చే కాల్స్‌కి డబ్బులు తీసేశాకే అది అందరి చేతికీ వచ్చింది. చరవాణి అని ఒక మాట పుట్టించారు, అది పత్రికలు దాటి రాలేదు. ఇంగ్లండ్‌లో మొబైల్ అంటారు, జర్మనీలో హ్యాండీ అంటారు. మన ఊళ్ళలో సెల్లు అంటారు.

చివరగా ఒక సంగతి. ఇది నవ్వులాట కాదు. 1910లో షికాగోలో హెర్రిక్ అనే వైద్యుడు ఒక రోగి రక్తంలో కొడవలి ఆకారంలో వంగిన ఎర్ర కణాలు చూసి ఆ సంగతి అచ్చువేశాడు. అదే సికిల్ సెల్ వ్యాధి. 1949లో లైనస్ పాలింగ్ బృందం అది హిమోగ్లోబిన్ అణువులో తేడా వల్ల వస్తుందని చూపించింది. మలేరియా ఎక్కువగా ఉన్న చోట్ల ఈ లక్షణం ఎక్కువ. తల్లిదండ్రుల్లో ఒక్కరి నుంచి వస్తే మలేరియా నుంచి కొంత కాపాడుతుంది, ఇద్దరి నుంచీ వస్తే ప్రాణం తీసే జబ్బు అవుతుంది. మన ఏజెన్సీ గిరిజనుల్లో ఇది ఉంది, మల్లుదొర పుట్టిన కొండల్లోనూ ఉంది. 2023 జూలైలో కేంద్ర ప్రభుత్వం 2047 నాటికి దీన్ని తొలగించాలని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. లక్షలాది మందికి పరీక్షలు చేసి కార్డులు ఇస్తున్నారు. ఆ కార్డు మీద ఉన్న విషయం మీద పెళ్ళిళ్ళు ఆధారపడి ఉంటాయి, పుట్టబోయే పిల్లలు ఆధారపడి ఉంటారు. వాహకులు వేరు, రోగి వేరు, ఇది స్పష్టంగా తెలియాలి. ఎదురుగా ఉన్న అమ్మాయి మాతృభాష కువి కావచ్చు, కోయ కావచ్చు. ఆమెతో “నీకు సికిల్ సెల్ పాజిటివ్” అని చెప్పి వచ్చేస్తే ఆమె ఏమనుకోవాలి? ఆమెకి తెలిసిన సెల్లు టవరు లేక పలకని సెల్లు ఒక్కటే. పట్నంలో బతికిన మా అత్తయ్యే దిండు కింద వెతుక్కుంది.

అత్తయ్య ఆరో రోజు ఇంటికొచ్చింది, ఇప్పుడు బాగానే ఉంది. మొన్న వెళ్ళినప్పుడు ఈ హుక్ కథంతా చెప్పాను. బెండు, చాకు, నల్ల పలక, తేనెపట్టు, ఖాళీ గదులు. శ్రద్ధగా విని, “తేనెపట్టులో గది ఖాళీగా ఎందుకుంటుందిరా? ఒకదాంట్లో తేనె ఉంటుంది, ఒకదాంట్లో పిల్ల ఉంటుంది. మీ తాతయ్య పట్టు దింపి తెస్తే నేనెన్ని చూశానో” అంది. మరి నీ రక్తంలో తగ్గినవి ఏవి అనుకుంటున్నావు అని అడిగాను. “జ్వరంతో పోట్లాడేవి” అంది. ఎవరు చెప్పారు? పక్క మంచం ఆవిడట. డిశ్చార్జి రోజున, సామాను సర్దుకుంటూ చెప్పిందట.